ఇంటికి తానే మగదిక్కైన నర్సు క్లారా మాస్

ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రార్థన మనవుల చీటీలు చదువుతాం. మా కశింకోట లాంటి ఊళ్ళో ఆ చీటీల్లో ఉండేవి పిల్లల పరీక్షలు, కుదరని పెళ్ళి సంబంధాలు, పడిపోయిన బెల్లం ధర, తగ్గని జ్వరాలు. వాటి మధ్య తరచుగా మరో రకం చీటీ కనిపిస్తుంది. నర్సింగు చదివిన కూతురు హైదరాబాదుకో, గల్ఫు దేశానికో ఉద్యోగానికి వెళ్తోంది, ప్రార్థించండి అని తల్లి ఎవరిచేతో రాయించిన చీటీ అది. కొన్నాళ్ళకు ఆ పిల్ల తొలి జీతంలోంచి కానుక కవరు వస్తుంది. సంఘమంతా సంతోషిస్తుంది. ఆ డబ్బు ఎన్ని రాత్రుల డ్యూటీకి వచ్చిందో, ఎవరి దగ్గుకూ ఎవరి నెత్తురుకూ పక్కన నిలబడితే వచ్చిందో మనం అడగం. 2020, 2021 కరోనా రోజుల్లో మాత్రం ఆ ప్రశ్న మనల్ని వెదుక్కుంటూ వచ్చింది. వార్డులో ఉన్న పిల్లలే ఇంటికి ఫోన్ చేసి తల్లులకు ధైర్యం చెప్పిన రోజులవి.

నూట ఇరవై అయిదేళ్ళ కిందట ఒక అమెరికా అమ్మాయి అచ్చం అలాంటి ధైర్యమే చెబుతూ తన తల్లికి ఉత్తరం రాసింది. ఆమె పేరు క్లారా లూయిజ్ మాస్. ఉత్తరంలో ఉన్నవి కొద్ది మాటలే. తన గురించి బెంగ పెట్టుకోవద్దని, ఎల్లో ఫీవర్ ఆస్పత్రిలో ఉన్నా సొంత ఇంట్లో ఉన్నట్టే దేవుడు తనను చూసుకుంటాడని చెప్పింది. సంపాదనంతా దాదాపుగా ఇంటికే పంపుతానని, తల్లి తన ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలని, ఇంట్లోని ఇద్దరు చిన్నపిల్లలను కనిపెట్టుకోవాలని కోరింది. ఆ ఇంటికి మగదిక్కు తానేనని గుర్తుచేసింది. అయినా తన కోసం ప్రార్థించమని అడిగింది. ఆ చివరి మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. ఇంటి బరువంతా మోసే పిల్ల కూడా తన కోసం ఎవరైనా మోకరించాలని కోరుకుంటుంది. అలాంటి పిల్లల చేతి డబ్బు మన దాకా వచ్చినంత తేలిగ్గా వాళ్ళ భయం మన దాకా రాదు.

క్లారా తిరిగి ఇల్లు చేరలేదు. 1901 ఆగస్టు 24న క్యూబా రాజధాని హవానాలో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 25 ఏళ్ళు.

1876 జూన్ 28న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఈస్ట్ ఆరెంజ్ అనే ఊళ్ళో క్లారా పుట్టింది. తల్లి హెడ్విగ్, తండ్రి రాబర్ట్. జర్మనీ నుంచి వలస వచ్చిన లూథరన్ విశ్వాసులు. మన గుంటూరు, రాజమండ్రి ప్రాంతాలకు సువార్త తెచ్చిన మిషనరీలది కూడా ఇదే సంప్రదాయం కాబట్టి ఆ ఇంటి వాతావరణం మన పెద్దలకు కొత్త కాదు. కుటుంబ ప్రార్థన, క్యాటికిజం, కష్టపడి పనిచేయడం, దుబారా లేకపోవడం. దుబారా చేయడానికి ఆ ఇంట్లో ఏమీ లేదు కూడా. చాలామంది తమ్ముళ్ళు చెల్లెళ్ళున్న ఇంట్లో క్లారా పెద్దమ్మాయి. పెద్దమ్మాయి అంటే ఏమిటో తెలుగువాళ్ళకు వివరించనక్కరలేదు. బడికి వెళ్తూనే మరొకరి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. పదిహేనో ఏట ఒక అనాథాశ్రమంలో పనిచేస్తూ, వచ్చిన జీతంలో కొంత ఇంటికి పంపేది.

1893లో నెవార్క్ పట్టణంలోని జర్మన్ ఆస్పత్రికి చెందిన నర్సింగు స్కూల్లో చేరింది. 1895లో పందొమ్మిదేళ్ళకే చదువు ముగించింది. ఆ స్కూలు మొదటి బ్యాచీల్లో ఆమె ఒకరు. 1898 నాటికి అదే ఆస్పత్రిలో హెడ్ నర్సు అయింది. అక్కడే ఉండిపోయి ఉంటే మంచి ఉద్యోగం, నలుగురిలో గౌరవం, కొన్నాళ్ళకు పెళ్ళి, ఒక ఇల్లు. ఆమె మనకు తెలిసి ఉండేది కాదు.

1898 ఏప్రిల్‌లో అమెరికాకూ స్పెయిన్‌కూ యుద్ధం మొదలైంది. క్యూబా, ఫిలిప్పీన్స్ దీవులు అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉండేవి. ఇదే 1898లో మన గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచారు. ఆమె కూడా అమెరికా లూథరన్ ఇంటి ఆడపడుచే. 1883లో గుంటూరు వచ్చి, అంటరానిదని దూరంగా నిలబెట్టిన వీధుల్లోనే పదిహేనేళ్ళు తిరిగి, ఆ ఆస్పత్రి సాధించారు. ఒకే సంఘ సంప్రదాయంలో పెరిగిన ఇద్దరు స్త్రీలలో ఒకరిని ప్రభువు తెలుగు నేలపై యాభై ఏళ్ళకు కొంచెం తక్కువగా ఉంచుకుంటే, మరొకరికి యుద్ధరంగంలో మూడేళ్ళు ఇచ్చాడు. ఎవరి పరిచర్య ఎంతకాలమో నిర్ణయించేది ఆయనే.

ఆ రోజుల్లో అమెరికా సైన్యానికి సొంత నర్సుల విభాగం లేదు. అది ఏర్పడింది 1901 ఫిబ్రవరిలో. అంతవరకు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన నర్సులను కాంట్రాక్టు మీద తీసుకునేవారు. నెలకు 30 డాలర్లు, భోజనం. ఉద్యోగ భద్రత, పెన్షను లాంటివి లేవు. క్లారా దరఖాస్తు పెట్టుకుంది. 1898 అక్టోబరు నుంచి 1899 ఫిబ్రవరి వరకు సైన్యం ఏడవ దళంతో పాటు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్, జార్జియాలోని సవానా, క్యూబాలోని శాంటియాగో శిబిరాల్లో పనిచేసింది.

యుద్ధంలో నర్సు అనగానే మనకు గాయాలు, కట్లు, తుపాకీ మోతలు గుర్తొస్తాయి. క్లారా చూసిన యుద్ధం అది కాదు. ఆమె చేరేసరికి స్పెయిన్‌తో పోరాటం ఆగిపోయింది. కానీ డేరాల్లో సైనికులు చనిపోవడం ఆగలేదు. టైఫాయిడ్, మలేరియా, విరేచనాలు, ఎల్లో ఫీవర్. ఆ యుద్ధంలో శత్రువు గుండుకు కూలినవారికంటే జ్వరాలకు బలైనవారు ఎన్నో రెట్లు ఎక్కువ. మురికి నీళ్ళు, మూతలేని మరుగుదొడ్లు, ఈగలు, దోమలు, ఒకరి పక్కన ఒకరుగా పరిచిన పక్కలు. ఆ కాలంలో ఈ రోగాల్లో చాలావాటికి మందు లేదు. రోగిని శుభ్రంగా ఉంచడం, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం, గొంతులో చెంచాతో నీళ్ళు పోయడం, పక్క మార్చడం, రాత్రంతా కనిపెట్టుకుని కూర్చోవడం, ఇదే వైద్యం. అంటే డాక్టరు కంటే నర్సు చేతిలోనే రోగి ప్రాణం ఎక్కువగా ఉండేది.

కాంట్రాక్టు ముగిశాక క్లారా ఇంటికి వచ్చింది. మళ్ళీ పేరిచ్చింది. ఈసారి 1899 నవంబరులో ఫిలిప్పీన్స్. స్పెయిన్ పోయి అమెరికా ఏలిక వచ్చిందే తప్ప స్వాతంత్ర్యం రాలేదని ఆ దీవుల ప్రజలు తిరగబడ్డారు. వారి మీద అమెరికా చేసిన యుద్ధాన్ని మేము సమర్థించలేం. పరాయి పాలన ఎలా ఉంటుందో ఎరిగిన దేశస్థులం. అయితే యుద్ధాన్ని తేల్చేవారు వేరు, ఆ యుద్ధం పడేసిన మనుషులను ఎత్తేవారు వేరు. మనీలాలో క్లారా చేసింది రెండో పని. 1900లో ఆమె కూడా డెంగీతో మంచం పట్టింది. కీళ్ళు విరిచేసినట్టుండే ఆ నొప్పి మన ఊళ్ళల్లో ఎంతమందికి తెలుసో! ఒళ్ళు కూడగట్టుకునేందుకు ఆమెను స్వదేశానికి పంపేశారు.

రెండుసార్లు వెళ్ళి వచ్చింది. ఒకసారి తానే రోగిగా తిరిగి వచ్చింది. ఇక చాలు అన్నా తప్పుపట్టేవారు లేరు. కానీ ఆ ఏడాది అక్టోబరులో హవానా నుంచి కబురు వచ్చింది. అక్కడ ఆరోగ్యాధికారిగా ఉన్న సైనిక వైద్యుడు విలియం గోర్గస్, ఎల్లో ఫీవర్ రోగులను చూసుకోవడానికి అనుభవం ఉన్న నర్సులు కావాలని అడిగారు. క్లారా లాస్ అనిమాస్ ఆస్పత్రికి వెళ్ళింది.

ఎల్లో ఫీవర్ గురించి కొంత చెప్పాలి. మన దేశంలో ఈ జబ్బు లేదు. ఓడల్లో ఉద్యోగాలకు వెళ్ళే విశాఖ కుర్రాళ్ళకు, ఆఫ్రికా దేశాలకు పనిమీద వెళ్ళే మనవాళ్ళకు మాత్రం దాని పేరు తెలుసు. టీకా వేయించుకుని పసుపు రంగు పుస్తకంలో ముద్ర వేయించుకోనిదే ఆ దేశాల్లోకి రానివ్వరు, తిరిగి మన దేశంలోకీ నేరుగా రానివ్వరు. జ్వరం, నడుమునొప్పి, వాంతులతో మొదలై, కొందరిలో కాలేయం దెబ్బతిని ఒళ్ళంతా పసుపుపచ్చగా మారుతుంది. లోపల నెత్తురు కారి నల్లటి వాంతి అవుతుంది. అక్కడికి చేరితే బతకడం కష్టం. మన పచ్చకామెర్లతో దీన్ని పొరబడకూడదు. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్ళీ రాదు. ఈ సంగతి ఆనాటి వైద్యులకు కూడా తెలుసు. క్లారా కథ తిరిగింది దీని చుట్టే.

అయితే జబ్బు ఎలా అంటుతుందో తెలియదు. రోగి బట్టల నుంచి, పక్కగుడ్డల నుంచి, గాలి నుంచి అని నమ్మేవారు. దోమ నుంచి అని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పారు. చెప్తే నవ్వారు. పదహారేళ్ళ తర్వాత, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు మలేరియా క్రిమిని దోమ కడుపులో కళ్ళారా చూశారు. బేగంపేటలో ఆ భవనం ఆయన పేరుతోనే ఉంది. మన్యం జ్వరానికి తరతరాలుగా బిడ్డలను పోగొట్టుకున్న మన విశాఖ కొండల వారికి ఆ వార్త ఎప్పుడు చేరిందో గానీ, ప్రపంచ వైద్యులకు మాత్రం వెంటనే చేరింది. దోమ మనిషిని చంపగలదన్న మాట అప్పటినుంచి నవ్వులాట కాలేదు.

1900లో అమెరికా సైన్యం మేజర్ వాల్టర్ రీడ్ నాయకత్వంలో ఒక బృందాన్ని క్యూబాకు పంపింది. అందులో జెస్సీ లాజియర్ అనే యువ వైద్యుడు ఎల్లో ఫీవర్ సోకి ఆ సెప్టెంబరులోనే చనిపోయారు. తర్వాత రీడ్ ఒక శిబిరం ఏర్పాటు చేసి రెండు గదిళ్ళు కట్టించారు. ఒకదానిలో రోగుల వాంతులతో, మలంతో మురికిపట్టిన దుప్పట్లు నింపి, కొందరిని వాటి మధ్యే ఇరవై రాత్రులు పడుకోబెట్టారు. ఒక్కరికీ జబ్బు రాలేదు. రెండో ఇల్లు పరిశుభ్రంగా ఉంది, మధ్యలో జాలీ తెర. ఒకవైపు రోగిని కుట్టిన దోమలు వదిలారు, మరోవైపు వదల్లేదు. దోమలున్న వైపు పడుకున్నవాడికి జబ్బు వచ్చింది. తగువు తేలిపోయింది.

ఈ ప్రయోగాలకు ఒప్పుకున్నవారితో రీడ్ ముందుగా పత్రం రాయించుకున్నారు. ప్రాణాపాయం ఉందని అందులో స్పష్టంగా ఉంది. ప్రతిఫలంగా 100 డాలర్లు, జబ్బు వస్తే మరో 100. అమెరికా సైనికుడు జాన్ కిసింజర్, గుమాస్తా జాన్ మోరన్ ఆ డబ్బు తీసుకోబోమన్నారు. వారి గురించి ప్రసంగాల్లో చెప్పుకోవడం తేలిక. క్లారా సంగతి అంత తేలిక కాదు.

1901లో హవానాలో డాక్టర్ జాన్ గిటెరాస్ మరో ప్రయత్నం మొదలుపెట్టారు. ఆరోగ్యంగా ఉన్నవారిని దోమతో కుట్టించి, తేలికపాటి జ్వరం తెప్పించి, మంచి వైద్యంతో దాన్ని దాటిస్తే, వారికి జీవితాంతం రక్షణ దొరుకుతుందని ఆయన ఆశ. టీకాలాంటి ఆలోచన. వెతికింది స్వచ్ఛందంగా ముందుకు వచ్చేవారి కోసం. క్లారా పేరిచ్చింది. ప్రతిఫలం 100 డాలర్లు. సైన్యంలో కాంట్రాక్టు నర్సుకు అది మూడు నెలల జీతం కంటే ఎక్కువ.

ఆమె ఎందుకు పేరిచ్చింది? క్లారాను గురించి రాసిన చాలామంది మానవాళి కోసం, శాస్త్రం కోసం, త్యాగం కోసం అని రాసి ముగిస్తారు. అది అబద్ధం కాదు. ఒకసారి జబ్బు దాటితే మళ్ళీ రాదు కాబట్టి, ఆ తర్వాత ఎల్లో ఫీవర్ వార్డులో భయం లేకుండా ఎంతమందికైనా సేవ చేయవచ్చునని ఆమె అనుకుంది. అది నర్సు ఆలోచన. కానీ ఆ 100 డాలర్లు తల్లికి కావాలి. అది పెద్దకూతురి ఆలోచన. ఈ రెండింటినీ విడదీసి, మొదటిది ఆత్మసంబంధమైనది, రెండోది లోకసంబంధమైనది అని మనం గీత గీస్తే, క్లారాకే కాదు, మన సంఘాల్లో కూర్చున్న ఎందరో ఆడపిల్లలకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. డబ్బు వద్దన్న మోరన్, కిసింజర్‌ల మనసు గొప్పదే. డబ్బు తీసుకుని మనియార్డరు కట్టిన చెయ్యి చిన్నదని ఎవరన్నారు? సిలువ మీద వేలాడుతూ కూడా తన తల్లిని ఎవరు చూసుకోవాలో ఏర్పాటు చేసిన ప్రభువు మనకు ఉన్నాడు.

సెమినరీలో ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చదివిన రోజుల్లో మా గురువు ఒక గ్రీకు మాట దగ్గర తరగతినంతా ఆపేశారు. రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు గురించి పౌలు రాస్తాడు. చెరలో ఉన్న పౌలుకు సంఘం పంపిన కానుక మోసుకొచ్చి, ఆయనకు సేవచేస్తూ జబ్బుపడి, చావు అంచులదాకా వెళ్ళిన మనిషి. ప్రాణాన్ని లెక్కచేయలేదు అనే అర్థంలో పౌలు వాడిన మాట జూదగాళ్ళ మాట. ఉన్నదంతా పందెంలో ఒడ్డేయడం. ఐదవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా సంఘంలో రోగులను మోసి సేవచేసే జట్టుకు పరబొలానీ అనే పేరుండేది. అదే మూలం నుంచి వచ్చిన పేరు. అంటే ప్రాణాన్ని పందెం ఒడ్డినవారు. ఎపఫ్రొదితు పాత్రలో మాకు ఇంకొకటి నచ్చుతుంది. తాను జబ్బుపడ్డానన్న సంగతి ఊళ్ళోవారికి తెలిసిందని అతడు దిగులుపడ్డాడట. చావుబతుకుల్లో ఉన్నవాడి దిగులు తన గురించి కాదు, ఇంటి దగ్గరవాళ్ళు కంగారుపడతారని! క్లారా ఉత్తరం చదివినప్పుడల్లా మాకు అతడు గుర్తొస్తాడు.

తొలిసారి కుట్టించుకున్నప్పుడు క్లారాకు స్వల్పంగా జ్వరం వచ్చి తగ్గిపోయింది. ఇక రక్షణ దొరికినట్టేనా, కాదా? వచ్చినది అసలు ఎల్లో ఫీవరేనా? వైద్యులకు నమ్మకం కుదరలేదు. 1901 ఆగస్టు 14న ఆమె మళ్ళీ చెయ్యి చాచింది. రోగి రక్తం తాగిన దోమలు కుట్టాయి. నాలుగు రోజులకు, 18న, జ్వరం వచ్చింది. ఈసారి తేలిక జ్వరం కాదు. ఇంతకాలం తాను ఇతరుల పక్కన కూర్చుని చూసిన ప్రతి లక్షణం వరసగా తన ఒంట్లోనే కనిపిస్తుంటే ఆ ఆరు రోజులు ఆమె ఎలా గడిపిందో ఊహించడానికి మాకు ధైర్యం చాలదు. ఎల్లో ఫీవర్ నర్సుకు తర్వాత ఏం జరగబోతోందో ఎవరూ చెప్పనక్కరలేదు. 24న ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. ఆ ప్రయోగాల్లో చనిపోయిన ఒకే ఒక్క స్త్రీ ఆమె.

ఆ వేసవిలో ఆమెతో కలిపి ముగ్గురు పోయారు. మిగతా ఇద్దరూ స్పెయిన్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన వలస కూలీలు. వారిని తలుచుకునేవారు తక్కువ.

క్లారా మరణవార్తతో అమెరికా పత్రికలు మండిపడ్డాయి. మనుషుల మీద ఎల్లో ఫీవర్ ప్రయోగాలు ఆగిపోయాయి. ఆ ఆగ్రహం న్యాయమైనదే. ఎందుకంటే దోమ వల్లే జబ్బు వస్తుందని అంతకు ముందే తేలిపోయింది. దోమలను అరికడితే చాలునని గోర్గస్ 1901 తొలినాళ్ళ నుంచే హవానాలో పని మొదలుపెట్టారు. నీళ్ళ పీపాలకు మూతలు పెట్టించారు, నిలవ నీటిమీద కిరసనాయిలు పోయించారు, రోగి ఉన్న గదికి జాలీ కట్టించి పొగ వేయించారు. ఆ సెప్టెంబరు నాటికి, అంటే క్లారా పోయిన నెలలోపే, ఆ నగరంలో ఎల్లో ఫీవర్ దాదాపు మాయమైంది. శతాబ్దాలుగా ఆ ఊరిని వదలని జబ్బు! క్లారా మరికొన్ని వారాలు ఆగి ఉంటే, ఆ చెయ్యి చాచవలసిన అవసరమే ఉండేది కాదేమోనన్న ఆలోచన మమ్మల్ని వదలదు.

ఇక్కడ పాత నిబంధనలోని ఒక సంఘటనను దాటిపోలేం. సమూయేలు రెండో గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. ఫిలిష్తీయుల దండు బేత్లెహేములో దిగి ఉన్నప్పుడు, గుహలో దాగిన దావీదుకు చిన్ననాటి బావి నీళ్ళ మీద మనసుపోయింది. పైకే అన్నాడు. ముగ్గురు యోధులు శత్రువుల దండు చీల్చుకుని వెళ్ళి నీళ్ళు తెచ్చారు. దావీదు ఆ నీళ్ళు తాగలేదు. ప్రాణం ఒడ్డినవారి రక్తంతో సమానమని చెప్పి, దేవుని ఎదుట నేల మీద పోసేశాడు. ఈ భాగం మీద ప్రసంగించేటప్పుడు మనమందరం ఆ ముగ్గురి ధైర్యాన్నే పొగుడుతాం. దావీదు నేర్చుకున్నది వేరు. తాను నోరు జారిన కోరికకు ఇతరులు ప్రాణం ఒడ్డారని అతడికి అప్పుడు తెలిసింది. ఇచ్చేవారి ప్రేమ ఎంత గొప్పదైనా, పుచ్చుకునేవారు అడగదగినది ఎంత అన్న లెక్క వేరే ఉంటుంది.

గిటెరాస్‌ను మేము దుర్మార్గుడనం. లక్షలమందిని కాపాడాలన్న తపన ఆయనది. కానీ ఒక పేద ఇంటి పెద్దకూతురు రెండోసారి చెయ్యి చాచినప్పుడు, వద్దమ్మా, నువ్వు ఇప్పటికే చాలా ఇచ్చావు అని చెప్పే పెద్దదిక్కు ఆ గదిలో లేకపోయింది. మన ఇళ్ళల్లోనూ ఇది జరుగుతుంది. తమ్ముడి చదువు అయ్యేవరకు, చెల్లి పెళ్ళి అయ్యేవరకు, ఇంటి మీద స్లాబు పడేవరకు అంటూ నర్సు కూతురి పెళ్ళిని ఏడాదికేడాది వాయిదా వేసిన తల్లిదండ్రులను మేము చూశాం. ఆ పిల్ల త్యాగాన్ని సాక్ష్యంగా సంఘంలో నిలబడి చెప్పినప్పుడు మేమూ హల్లెలూయా అన్నాం. ఆ స్తోత్రం చెప్పే ముందు ఆ పిల్లను ఏకాంతంగా అడిగి ఉండవలసింది. అడగలేదు. ఈ విషయంలో కాపరులుగా మా తప్పు మేము ఒప్పుకోవాలి.

క్లారాకు హవానాలోని కొలోన్ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో సమాధి కార్యక్రమం జరిగింది. 1902 ఫిబ్రవరి 20న ఆమె భౌతికకాయాన్ని నెవార్క్‌కు తెచ్చి ఫెయిర్‌మౌంట్ శ్మశానంలో పెట్టారు. తర్వాత లోకం మరచిపోయింది. ఇరవై ఏళ్ళు గడిచాక, ఆమె చదువుకున్న ఆస్పత్రికి పర్యవేక్షకురాలిగా వచ్చిన లియోపోల్డిన్ గింతర్ అనే నర్సు, క్లారా చరిత్ర తెలుసుకుని మనసు ఆగక, ఆమె జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి పూనుకుంది. 1930 నాటికి సమాధి మీద మంచి రాయి నిలిచింది. ఒక నర్సును మరో నర్సే వెతికి పట్టుకుంది.

1951లో క్యూబా ప్రభుత్వం క్లారా పేర తపాలా బిళ్ళ వేసింది. ఆమె హెడ్ నర్సుగా పనిచేసిన ఆస్పత్రికి 1952లో ఆమె పేరే పెట్టారు. న్యూజెర్సీలో ఆ పేరుతో ఆస్పత్రి నేటికీ నడుస్తోంది. 1976లో, ఆమె నూరవ జన్మ సంవత్సరంలో, అమెరికా కూడా తపాలా బిళ్ళ విడుదల చేసింది. అమెరికా లూథరన్ సంఘాల క్యాలెండరులో ఆగస్టు 13న ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో పాటు క్లారాను స్మరించుకుంటారు. అసలు టీకా 1930ల్లో మాక్స్ థైలర్ కృషితో వచ్చింది. ఆ కృషికి ఆయనకు 1951లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన విశాఖ కుర్రాళ్ళు ఓడ ఎక్కే ముందు వేయించుకునేది ఆ టీకానే.

ఒక చిన్న విషయం చెప్పడం మరిచాం. మనీలాలో క్లారాను పడేసిన డెంగీకీ, హవానాలో ఆమెను చంపిన ఎల్లో ఫీవర్‌కూ వాహకం ఒకే జాతి దోమ. ఈడిస్ ఈజిప్టై. కాళ్ళ మీద తెల్లచారలుండి, పగలే కుట్టేది. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేకపోయినా ఆ దోమ మాత్రం ఉంది. మురికి కాలువలో కాదు, మూతలేని మంచినీళ్ళ తొట్టెలో, డాబా మీద పడేసిన టైరులో, పెరట్లోని కొబ్బరి చిప్పలో పెరుగుతుంది. మా సంఘం యవ్వనస్థులు వానాకాలంలో శనివారం సాయంత్రాలు చర్చి ఆవరణ, చుట్టుపక్కల ఇళ్ళ తొట్టెలు ఖాళీ చేయించే పని పెట్టుకున్నారు. మొదట్లో పాటల ప్రాక్టీసు వదిలేసి ఇదేమిటని కొందరు పెద్దలు సణిగారు. గోర్గస్ హవానాలో చేసిన పని ఇదేనని చెప్పాక ఊరుకున్నారు. ఊరుకోవడమే కాదు, ఒక పెద్దాయన ఇప్పుడు టార్చిలైటు పట్టుకుని ముందు నడుస్తున్నారు.

ఈ ఆగస్టు 24న నర్సుల కోసం ప్రార్థన పెట్టుకుందామని సంఘ పెద్దలతో అనుకున్నాం. సెలవు దొరకనివారు, వేరే దేశాల్లో ఉన్నవారు రాలేరు కాబట్టి వారి తల్లులను ముందుకు పిలుస్తాం. రాత్రి డ్యూటీకి వెళ్ళేవారికి వీలుగా సాయంత్రం అయిదు గంటలకే మొదలుపెట్టి ఆరున్నరకు ముగిస్తాం. ఆ రోజు కానుక పట్టం.